ఏడో వాకిలి

రోజు మంచిదైతె అయిపోయిందా వదినె? బేస్తారమని పంతులునడిగి వచ్చినవు, బాగనే ఉన్నది. మరి తొవ్వనడిగి వచ్చినవా? ఏములాడ దాటినంక ఎన్ని గుంతలున్నయో ఇప్పుడే గద ఎగిరెగిరి వచ్చినవు. బస్సు దిగుడు దిగుడే నడుము పట్టుకున్నదని నువ్వే అంటివి. నీ నడుమే గట్లయితె నిండు నెలల పిల్ల నడుమేం గావాలె?

కూసో జర. గడప మీద నిలవడకు, మంచిది గాదు. గా సంచి కింద పెట్టు, ఎవలెత్తుకపోరు. నీ బిడ్డ కమల పెరట్ల తానం చేస్తున్నది, వస్తది. మీ అన్న మగ్గం గుంతల ఉన్నడు, పిలిచినా ఇనవడదు. ఆ చప్పుట్ల ఆయనకు నా మాట ఇనవడక ఎన్నేండ్లాయెనో. చాయ్ తాగు, చల్లారుతది.

ఇగ రేపంటవా, శుక్కురారం. ఇంటి లచ్చిమిని శుక్కురారం పూట ఎవలన్న సాగనంపుతరా? ఎల్లుండి శనారం. ఆదివారం అమాస. అమాస ఎల్లినంక కొన్నొద్దులు ఆగాలె...

ఏంది? గందుకే ఇయ్యాలనే తోల్కపోతనంటున్నవా?

గట్టిదానివే వదినె నువ్వు! నీ బిడ్డకు గా గట్టితనం ఎక్కడికెల్లి వచ్చిందో గిప్పుడు సమజైతున్నది.

నేను వద్దంటున్ననా? తొలుసూరు కాన్పు పుట్టింట్లనే గావాలె, నాకు తెల్వదా? గట్లని ఇక్కడ మంత్రసాని లేదా? సక్కుబాయి మా వాడకట్టుల్నే ఉంటది. నీ అల్లుడు లక్ష్మీరాజాన్ని ఆమె చేతుల మీదనే కన్న. గా మీ కోరుట్లల గిసుంటి చెయ్యి ఉన్నదా? జర ఆలోచన చెయ్యి. నేను ఊకె అంటలేను, పిల్ల మంచికే అంటున్న.

అవు, నీ కొడుకు బాలమల్లు వచ్చిండు ఏడో నెలల. ఎందుకు లేదంట? ఎడ్ల కచ్చురం కట్టుకోని వచ్చిండు పాపం, చెల్లెకు మెత్తగ ఉంటదని గడ్డి పరిచి, గడ్డి మీద బొంత పరిచి. నేనే తోలలే. నాకు జరమున్నది, పిల్ల పోతె నాకు గంజి వోసేటోళ్లు ఎవలని చెప్పిన. నాలుగొద్దులైనంక రమ్మన్న. నాలుగొద్దులకు నెల మారె. ఎనిమిదో నెలల సూలింతను పొలిమేర దాటించద్దాయె. ఇంకేం తోల్కపోతరు?

జరమా? ఏడ జరం వదినె? జరం లేదు, గిరం లేదు. మంచిగ తిన్న, మంచిగ పన్న.

అగో, లేస్తున్నవెందుకు? నా చెయ్యి ఇడువు, నా కొంగు ఇడువు! ఏమన్నవూ? నూలు కండెలు చుట్టెటందుకు నీ బిడ్డను ఆపుకున్ననా? కూలి తప్పుతదని ఆపుకున్ననా? థూ! గంత బుద్ధితక్కువదాని లెక్క కనవడుతున్ననా నేను? నెల తప్పిన కాడికెల్లి దాని చెయ్యి రాట్నం మీద పెట్టనియ్యలే. అడుగు, తానం చేసి వస్తది గద, దాన్నే అడుగు. అన్ని కండెలు నేనే చుట్టిన. అది నా పక్కపొంటి కూసున్నది, గంతే. కూసోని చదివింది.

ఆ, చదివింది. పుస్తకం. చదువుతనే ఉన్నది. గందుకే ఆపుకున్న.

చెప్పిన, ఇగ చెప్పిన. నోట్లె దాచుకోని దాచుకోని ఎన్ని అబద్ధాలాడిన్నో! కథ కోసం ఆపుకున్న వదినె. నువ్వు నవ్వుతె నవ్వు, తిడితె తిట్టు. కూసోని తిట్టు.

లగ్గమైనంక నీ బిడ్డ మా ఇంటికి వచ్చినప్పుడు సందుగల ఏం తెచ్చుకున్నదో యాదికున్నదా? చీరెలు ఒక పక్క. ఇంకో పక్క మొత్తం పుస్తకాలే. రంగు రంగుల అట్టలు, లోపల రాక్షసులు, గుర్రాలు, కోటలు. మా వాడకట్టోళ్లు చూసి నవ్విండ్రు. నాకు మస్తు కోపమొచ్చింది. ఆడపిల్ల ఏడో తరగతి దాక చదివిందంటేనే నాకు బుగులు. ఇగ గీ బొమ్మలన్ని ఎందుకే, పొయ్యిల పెట్టు అన్న. అది సందుగ మూత మెల్లగ ఏసుకున్నది.

లక్ష్మీరాజం నేత పనికి భీవండి పోయినంక పిల్లకు పొద్దు పోకుండె. నేను రాట్నం కాడ, అది నా ఎనుక. నిద్ర పోతున్నవేందే అంటె, నిద్ర రాకుండ చదువుకుంట అత్తమ్మా అన్నది. నీ నోట్లె నువ్వు గులుగుడేంది, చదివితె నాకు ఇనవడేటట్టు చదువు అన్న. నేనే అన్న వదినె! నా నోటి తోటి నేనే అన్న.

చదివింది. జయకేతు అని రాజు కొడుకు. ఆయనకు రెక్కల గుర్రం, దాని పేరు మేఘం. హేమవల్లి అని ఇంకో రాజు బిడ్డ. ఆ పిల్లను కరాళ అని ముసలి మంత్రగత్తె ఎత్తుకపోయి ఏడు వాకిళ్ల కోటల ఏసింది. నేను కరాళవ్వ అంట. గంత ముసల్దాన్ని ఉత్త పేరుతోటి ఎట్ల పిలుస్తం? జయకేతు ఒక్కొక్క వాకిలి దాటాలె. నెలకొక్క తాప వస్తది ఆ పుస్తకం, నెలకొక్క ముక్క కథ. మీ ఆయన కోరుట్లల కొని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతుండె, నీకు తెల్వదా? బస్సు వచ్చే యాళ్లకు నా గుండె గిట్ల గిట్ల కొట్టుకునేది.

నీకెట్ల చెప్పాలె... నువ్వు కోరుట్లల బజారుకు పోతవు, అంగడికి పోతవు, జాతరకు పోతవు. నేను పోయిందెంత దూరం? దూరమంటె ఏములాడ. గంతే. గౌను తొడుగుకునే ఈడుల గీ ఇంటికి వచ్చిన. మా అత్త నన్ను తీస్కపోయి రాట్నం ముంగట కూసోవెట్టింది. ఎదురుంగ గోడ. గిప్పటికి గదే గోడ. రజాకార్ల లొల్లప్పుడు మగోళ్లు అడివిల పడ్డరు, మేం ఆడోళ్లం దర్వాజకు అడ్డకర్ర ఏసుకోని లోపల్నే ఉన్నం. లొల్లి సల్లారింది, నైజాము పోయిండు, ఓట్లు వచ్చినయి, కరెంటు వచ్చింది. పక్క గల్లీల సాంచెలు వచ్చినయి, కరెంటుతోటి నడిచే మగ్గాలు, వాటి లొల్లికి రాత్రి పగలు తెల్వదు. అందరికి అన్ని వచ్చినయి. నా అడ్డకర్ర ఎవలు తియ్యలే. తియ్యాలని నాకు గూడ యాదికి లేకుండె.

నీ బిడ్డ చదువుతె గా గోడల సముద్రం కనవడ్డది వదినె. నిజం చెప్తున్న. నీళ్లంటె నాకు మానేరు తెలుసు, ఎండకాలం ఇసుకనే. గా సముద్రం మీదికెల్లి మేఘం ఎగిరిపోతుంటె నా చెయ్యి రాట్నం మీద ఆగిపోయింది. ఎన్నడన్న ఆగిందా నా చెయ్యి? పెద్ద కాన్పు నాడు గూడ నొప్పులు మొదలైనంక కండె నిండిచ్చి లేచిన నేను!

ఇగ పిచ్చి పట్టింది. దాచుడెందుకు.

మూడో వాకిట్ల నిప్పుల వాగుండె. జయకేతును దాటించి గుర్రం కాలిపోయింది. ఆ పొద్దు నాకు బువ్వ దిగలే. చెంగు నోట్ల కుక్కుకోని ఏడ్సిన. మీ అన్న మగ్గం దిగి వచ్చి, ఎవలు పోయిండ్రే అని అడిగిండు. ఆయన మాట్లాడుడే తక్కువ, గా పొద్దే అడగాల్నా? గుర్రం పోయిందయ్యా అన్న. ఆయన అంగి తొడుగుకోని, జట్కా కొమురెల్లి ఇంటికి పోయి, గుర్రం పోయిందట గదరా, రంది పెట్టుకోకు అని పలకరించి వచ్చిండు. కొమురెల్లి గుర్రం కొట్టంల గడ్డి తింటున్నది! ఆయన వారం దాక నా తోటి మాట్లాడలే.

నవ్వు నవ్వు. నాకు గూడ గిప్పుడు నవ్వొస్తది. గప్పుడు రాలే.

ఇంకోటి చెప్త, ఎవలకు చెప్పకు. నీ బిడ్డకు గూడ తెల్వదు. జయకేతుకు పాము కరిచి, నోట్లె నురగలు కక్కుతుంటె, ఇగ వచ్చే నెల చూడుండ్రి అని పుస్తకం అయిపోయింది. నెల దినాలు ఎట్లాగాలె? పరేషాన్ అయిపోయిన. ఏములాడ రాజన్నకు కోడెను కడతనని మొక్కిన. జయకేతు బతికితె.

బతికిండు. మొక్కినంక తీర్చకుంటె ఊకుంటడా రాజన్న? భీవండిల ఉన్న కొడుకు పేరు మీద మొక్కున్నదని మీ అన్నకు చెప్పి పోయిన. గుడి కాడ కోడెను పట్టుకున్నంక అయ్యగారు పేరు అడిగిండు. నా నోట్లెకెల్లి జయకేతు అని వచ్చింది. గోత్రమంటె మా గోత్రమే చెప్పిన. మరి ఎవల గోత్రం చెప్పాలె? అయ్యగారు మంచిగ రాగం తీసి చదివిండు. కోడె తోటి గుడి చుట్టు తిరుగుకుంట ఒక్క తాప లక్ష్మీరాజం యాదికి వచ్చిండు. భీవండిల ఒక్కడే అన్నం వండుకోని తింటున్న నా కన్నకొడుకు. వాని పేరు చెప్పలే నేను. అయినా గని, ఆ రాత్రి మంచిగ నిద్ర పట్టింది, జయకేతు బతికిండని.

గిది జరం గాదా? మరి నేను బాలమల్లుకు అబద్ధం చెప్పిన్నంటవేంది.

వాడు కచ్చురం తెచ్చిన పొద్దు ఆరో వాకిలి తెరుసుకున్నది. లోపల హేమవల్లి గొంతు ఇనవడుతున్నది, మనిషి కనవడుతలేదు. గా గొంతు యాడికెల్లి వస్తున్నదో తెల్వకుండ నేను పిల్లను ఎట్ల తోలాలె? నాలుగొద్దులు, గంతే అనుకున్న. నెల మారుతదని లెక్క చూసుకోలే. కాదు కాదు, చూసుకున్న. నెల మారినంక ఏడ్వాలె గద మనిషన్నంక? నేను లోపల సంబురపడ్డ. ఇంకో నెల ఎవలు తోల్కపోరు, ఇంకో నెల కథ నాదే అని. అది మగ్గం ఎనుకకు పోయి, నూలు కట్టల మీద తలపెట్టి ఏడ్సింది. అవ్వ యాదికొస్తున్నదని నిన్ను తలుసుకున్నది. ఇన్న. ఇని, మొఖం కడుక్కోని రా బిడ్డా, చదువు అన్న.

తిట్టు. గిప్పుడు తిట్టు. దానికే నేను ఎదురు చూస్తున్న.

... ఏంది? ఎవలతోనన్న చదివిచ్చుకోవాల్నా? బస్టాండు కాడ లింగమూర్తికి చదువొస్తది, బీడీల కార్ఖానల లెక్కలు రాసే మనిషికి చదువొస్తది, ఎవలు చదివినా కథ గదే కథ అంటవు. నేను గూడ గట్లనే అనుకుంటి. గట్లయితె నీ బిడ్డను ఏడో నెలల్నే తోలకపోదునా?

ఆ...? మీరు పుస్తకం పంపుతనే లేరా?

మెల్లగ మాట్లాడు వదినె. పెరడు గీ గోడ అవతలనే.

బతుకమ్మ పండుగ కాడికెల్లి ఆ పుస్తకం వస్తనే లేదు, అచ్చేసుడే బందైంది అంటున్నవు. నాకు తెల్వదనుకుంటున్నవా? తెలుసు. నాకు అన్ని తెలుసు.

మొదట తెల్వదు. కమల సందుగల చెయ్యి పెట్టి, వచ్చింది అత్తమ్మా అని తీసేది. నేను రాట్నం తిప్పుకుంట ఇనేది. ఒక పొద్దు దీపం దగ్గరికి జరుపుత అని వంగితె, అది చదువుతున్న పేజీల బొమ్మ కనవడ్డది. మేఘం కాలిపోతున్న బొమ్మ. గుర్రం కాలు మీద పసుపు మరక ఉన్నది. ఆ మరక నాదే. ఆ పొద్దు పసుపు నూరుకుంట లేచి వచ్చి, అయ్యో బిడ్డా అని గుర్రం కాలు పట్టుకున్న గద, గా ఏలిముద్ర. పుస్తకం మూడో వాకిలి కాడ ఉన్నది. నా కోడలు ఐదో వాకిలి చదువుతున్నది.

నాకు మంట లేచింది. నన్ను మోసం చేస్తదా? చదువు రానిదాన్నని ఆడిస్తున్నదా? నోరు తెరిచిన. తెరిచి మల్ల మూసుకున్న. తెలిసిందంటె అది ఆపేస్తది గద. నా నోరు నేనే కుట్టుకున్న వదినె. అది పేజీలు తిప్పుతది, తిప్పిన పేజీలె మల్ల తిప్పుతది, నేను గోడ దిక్కు చూసుకుంట ఊఁ కొడుత. ఇద్దరికి తెలుసో ఒక్కలకే తెలుసో, గిది గూడ అడగలే.

ఇగ చెప్పు. లింగమూర్తి చదువుతడా గా కథ? లింగమూర్తి దగ్గర ఉన్నదా? పుస్తకంలనే లేదాయె. గది నీ బిడ్డ లోపల ఉన్నది. అది బస్సెక్కితె కథ బస్సెక్కుతది.

మల్ల వస్తదంటవా? అబద్ధమాడకు, నీకు చేత గాదు. లక్ష్మీరాజం భీవండిల ఉండెటందుకు కిరాయికి ఖోలీ తీస్కున్నడు. కాన్పైనంక మీ కాడికే వచ్చి, అటుకెల్లి అటే పెండ్లాన్ని పిల్లను తోల్కపోతడు. మంచిదే. నా కొడుకు చేతులు కాల్చుకునుడు తప్పుతది. నేనే వానికి గట్ల చెయ్యమని చెప్పి పంపిన. చెప్పినంక బువ్వ తినలే.

అది చెప్పే కథ ఎట్లుంటదో ఇను. అచ్చేసినోళ్లు గట్ల రాయరు. వాళ్ల కథల హేమవల్లి ఎప్పుడు పూలదండ లెక్కనే ఉంటుండె. నీ బిడ్డ కథల హేమవల్లి కడుపుతోటి ఉన్నది. పుల్లటియి తినాలనిపిస్తదట ఆమెకు. కాళ్లు వాస్తయట. ఏడో వాకిట్ల కూసోని అవ్వ యాదికొస్తున్నదని ఏడుస్తదట. రాజు బిడ్డ!

కరాళవ్వ ఉన్నది గద, ఆమె రాట్నం తిప్పుతదట. ఆమె దారం తీస్తుంటె కోట గోడ లేస్తుంటదట. ఎంత దారమైతె గంత గోడ. ఎందుకే పిల్లను ఆపుకున్నవంటె, నాకు కథలు చెప్పు, అయిపోయినంక పంపుత అంటదట. కథ అయిపోనియ్యదు.

ఆ ముసల్దాన్ని సంపు బిడ్డా అన్న. జయకేతును పిలువు, కత్తి తోటి ఒక్కటి ఎయ్యమను అన్న. ఎయ్యలే వదినె. కమల ఏమన్నదో ఎరుకేనా? కరాళవ్వను గూడ చిన్నప్పుడే ఎవలో తెచ్చి గా రాట్నం ముంగట కూసోవెట్టిండ్రట. గోడ ఆమె చుట్టూరనే మొదలైందట. మొదటి వాకిలి కట్టింది హేమవల్లికి గాదు, ఆమెకేనట.

గిది నేను దానికి ఎన్నడో ఒకపారి చెప్పుకున్న ముచ్చట. కండెలు చుట్టుకుంట, ఊకె, మాటల మాట. మా అత్త నన్ను కూసోవెట్టిన ముచ్చట. గప్పుడు ఊఁ గూడ కొట్టలే అది. ఇనలేదనుకున్న.

నా కడుపుల పుట్టినోళ్లు గూడ నా గురించి గంత ఆలోచన చెయ్యలే. కోపం రావాలె గద నాకు? మంత్రగత్తెను చేసింది నన్ను. రాలే. నన్ను కథల పెట్టిందని సంబురమే అయింది. గిసుంటి పిచ్చిదాన్ని ఎక్కడన్న చూసినవా?

నిన్న మాపటికి, దీపం పెట్టినంక చదివింది. జయకేతు ఏడో వాకిలి దాక వచ్చిండు. కత్తి తోటి కొట్టిండు, కత్తి ఇరిగింది. మంత్రం చదివిండు, పలుకలే. ఆ తలుపుకు బయట తాళమే లేదట. లోపటి దిక్కుకెల్లి అడ్డకర్ర ఉన్నదట. కరాళవ్వ లేచి, తన చేతి తోటి తీస్తె తప్ప తెరుసుకోదట. ఇంకెవల వల్ల గాదట, దేవుని వల్ల గూడ గాదట.

గక్కడ ఆపింది. పుస్తకం మూసింది.

తీసిందా బిడ్డా? అన్న.

నాకేం తెలుసు అత్తమ్మా, గిక్కడికే ఉన్నది అన్నది. అని నా దిక్కు చూసింది. గంత సేపు చూసింది వదినె. కండ్లల్ల నీళ్లు లేవు, కోపం లేదు. అలిసిపోయి చూసింది. గా చూపు నేను ఓర్వలేకపోయిన.

పొద్దుగాల నువ్వు వస్తవని నాకు ఎవలు చెప్పలే. చెప్పకున్నా దాని సందుగ నేనే సదిరిన. అగో, తలుపు ఎనుక చూడు. తాడు కట్టి పెట్టిన. ఎల్లిపాయ కారం, శొంఠి పొడి అందులనే పెట్టిన. మీ అన్న పొత్తిగుడ్డ నేసిండు మనుమనికి, మెత్తగ. ఎప్పుడు నేసిండో నాకు గూడ తెల్వదు. నూలు ఎక్కడిదంటె మల్ల మగ్గం గుంతలకు దిగిండు. కథలు ఇనకున్నా ఆయనకు అన్ని తెలుసనుకుంట.

మరి గింత సేపు రోడ్డు గుంతలు, అమాస, సక్కుబాయి అని ఎందుకు ఒర్రినవంటవా? ఒర్రుతుంటె జర ఆగుతవని. ఆ తాడు కట్టిన చెయ్యే మల్ల ఇప్పుతదేమోనని నాకే నా మీద నమ్మకం లేకుండె. నువ్వు కోపం చేసి తీస్కపోతె మంచిగుండు. నాకెల్లి నేను పంపుడు, గిది శాన కష్టమున్నది.

అగో, వచ్చింది. చూసినవా నీ బిడ్డను? ఎంత కళగున్నదో. ఏడ్వకు వదినె, దాన్ని ఏడిపియ్యకు.

రా బిడ్డా. అవ్వ వచ్చింది, ఇప్పటి బస్సుకే పోవుడు. ఆ, నేనే తోలుతున్న. నిలవడ్డవేంది? గట్ల చూడకు. అద్దద్దు, నా కాళ్లు మొక్కకు, నిండు కడుపుతోటి వంగకు. బొట్టు పెట్టనీ. కొంగు పట్టు, పసుపు కుంకుమ కడుత.

... పుస్తకమా? నాకెందుకు బిడ్డా, నాకు చదువొస్తదా? ఇడిసిపెట్టి పోతవా? సరే, రాట్నం పక్కన పెట్టు. గుర్రం బొమ్మనన్న చూసుకుంట.

ఏమయ్యో! గుంతల్నుంచి లేయి! సందుగ ఎత్తుకో, బస్టాండు దాక పొయ్యిరా! అగో చూసినవా వదినె, గీ మాట మాత్రం ఇనవడ్డది ఆయనకు. నువ్వు పా బిడ్డా, మామ ఎనుక మెల్లగ నడువు. మోరీ ఉన్నది, చూసి అడుగెయ్యి. ఎనుకకు చూడకు.

వదినె, నువ్వు ఒక్క నిమిషమాగు. ఒక్కటే మాట.

పోయేటోళ్లను ఎనుకకు పిలువద్దాయె, లేకుంటె నేనే అడుగుదును. బస్సు కదిలినంక, అది కిటికీ కాడ జర గాలి పీల్చుకున్నంక, మెల్లగ అడుగు. నేనడిగిన్నని చెప్పకు. కరాళవ్వ అడ్డకర్ర తీసింది గద, హేమవల్లి ఎల్లిపోయింది గద, తలుపు గట్లనే తెరిసే ఉన్నది. మరి ముసల్ది బయటికి వచ్చిందా? లోపల్నే ఉన్నదా?

... వద్దులే. అడుగకు. ఈ ఈడుల బయటికి వచ్చి యాడికి పోతది.

పో వదినె, బస్సుకు యాళ్లయింది. దర్వాజ మూయకు, తెరిసే ఉండనియ్యి. నాకు కండెలు చుట్టేటియి ఉన్నయి.